ఊదా రంగు గంజి

జీవకణాల్లో ఉండే మూలపదార్థాలను అనంతపురం జిల్లాకు మొట్టమొదట తీసుకొచ్చినవాణ్ణి నేనే. ఈ మాట నా పదవీ విరమణ సభలో కూడా చెప్పాను. ఎవరూ కాదనలేదు. భోజనాల వేళ కాబట్టి కాదనలేదేమో. నిజానికి ఆ పదార్థాలు నాకంటే ముందే ఇక్కడి మనుషుల ఒళ్ళల్లో, ఎద్దుల ఒళ్ళల్లో, చివరికి మా డ్రైవరు పెంచుకునే మేకలో కూడా ఉండేవని ఒప్పుకోవాలి. నేను తెచ్చింది వాటిని పట్టిచ్చే రంగులు. అవి కూడా నేను తేలేదు, జీపు తెచ్చింది. నేను వెనక సీట్లో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఇప్పటి ప్రయోగశాలల్లో పనిచేసే పిల్లలారా, మీకు రక్తపు బొట్టు యంత్రంలో పెడితే కాగితం మీద అంకెలు వస్తాయి. అరవైల్లో మాకు రంగే గతి. జీపు పక్కన ‘సంచార జీవరసాయన ప్రయోగశాల’ అని పెద్ద అక్షరాలతో రాయించాను. లోపల ఉన్న ప్రయోగశాల ఒక పాత సబ్బుల పెట్టె. అందులో గడ్డిలో పొదిగిన గాజు గొట్టాలు, ఒక స్పిరిటు దీపం, మూడు సీసాలు. ఒకదాంట్లో అయోడిన్, ఒకదాంట్లో కాస్టిక్ సోడా, ఒకదాంట్లో మైలుతుత్తం నీళ్ళు. మూడు సీసాలతో నేను జిల్లా అంతా ‘రంగుల డాక్టరు’ అని పేరు తెచ్చుకున్నాను. అంటే, ‘సీసాలాయన’ అనేవాళ్ళు. మర్యాదగానే అనేవాళ్ళు.

వరసగా వానలు ఎగ్గొట్టిన కాలం అది. ఊళ్ళలో ప్రభుత్వం గంజి కేంద్రాలు పెట్టింది. జీపులో మేం నలుగురం. డాక్టరుగారు కృష్ణా జిల్లా మనిషి. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, అబద్ధం ఆడడం రాదు. ఆ లోపంతో ఆయన ప్రభుత్వోద్యోగంలో ఎలా నెగ్గుకొచ్చాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. డ్రైవరు సాయిబు గోరంట్ల వైపు వాడు. బండి నడిపినంత సేపూ రోడ్డునూ, ఆపినంత సేపూ మమ్మల్నీ తిట్టేవాడు. నాలుగో మనిషి వంటక్క. మిషన్ ఆస్పత్రిలో ఆయాగా పనిచేసి వచ్చిన క్రైస్తవురాలు. గంజి కాచడం, పిల్లలకు తాపించడం ఆమె పని. నేను చేసే పనికి ఉద్యోగపు పేరు ఉండేది. ఆమె చేసే పనికి ఫలితం ఉండేది.

విడపనకల్లు దాటి, కన్నడ సరిహద్దును ఆనుకుని ఒక ఊరు. పేరు చెప్పను. ఆ ఊళ్ళో మొదటిరోజు బడి వసారాలో పెట్టె తెరిచాను. జనం బాగానే వచ్చారు. కరువులో వినోదం కూడా కరువే కదా.

జొన్న సంకటి ముద్ద మీద అయోడిన్ చుక్క వేశాను. నల్లటి నీలమైంది. ‘‘ఇది పిండిపదార్థం. ఒంటికి పొయ్యిలో కట్టె లాంటిది’’ అన్నాను. కాగితం మీద నూనె రుద్ది వెలుతురుకు పట్టి, ‘‘ఇది కొవ్వు’’ అన్నాను. ఆ తర్వాత, నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క పిండిని నీళ్ళలో కలిపి, గొట్టంలో పోసి, సోడా వేసి, మైలుతుత్తం నీళ్ళు ఒక్కొక్క చుక్కా వదిలాను. గొట్టం నిండా ఊదా రంగు విచ్చుకుంది. జనం నోళ్ళు కూడా విచ్చుకున్నాయి.

‘‘ఇవి మాంసకృత్తులు! ఒళ్ళు కట్టే ఇటుకలు! ఈ ఊదాలోనే ఉంది ప్రాణం!’’ అని గొట్టాన్ని పైకెత్తాను.

చివరి వాక్యం శాస్త్రంలో లేదు. చప్పట్ల కోసం కలిపింది.

డాక్టరుగారికి నా ధోరణి నచ్చలేదు. ముందుకొచ్చి సరిదిద్దబోయి, ఉన్నదానికి ఇంకోటి కలిపాడు. ‘‘నాలుగోది కూడా ఒకటుందమ్మా. ప్రతి కణం లోపలా ఉంటుంది. తల్లి పోలిక, నాయనమ్మ పోలిక బిడ్డకు తెచ్చేది అదేనని ఇప్పుడు తేల్చారు. మన పెట్టెలో దానికి పరీక్ష లేదు.’’

జీపుకు ఆనుకుని బీడీ కాల్చుకుంటున్న సాయిబు అడిగాడు. ‘‘రంగు లేదా సాబ్? అయితే అది ఉండాదని ఎట్ల నమ్మేది?’’

అప్పుడే ముందు వరసలో ఒక ముసలమ్మను చూశాను. ఒళ్ళో మనవరాలు. మూడేళ్ళుంటాయేమో. తమ్ముడు పుట్టాక తల్లిపాలు మాన్పించారట. అప్పట్నుంచి సంకటి నీళ్ళే. మొహం గుండ్రంగా, పాదాలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. జుట్టు పీచులా ఎర్రబడింది. చుట్టూ ఇంత సందడి జరుగుతుంటే ఆ పిల్ల గోడవైపు తిరిగి కూర్చుంది. ఏడవడం కూడా లేదు. తల్లి వెనక నిలబడింది, చంటివాణ్ణి ఎత్తుకుని. మాటలన్నీ అత్తవే.

‘‘ఈ పిల్లకేమైంది సామీ? బుగ్గలు చూడు, బాగా బలిసిండాది’’ అంది ముసలమ్మ.

డాక్టరుగారు వంగి, పిల్ల పాదం మీద బొటనవేలు నొక్కి తీశాడు. తడి మట్టిలో పడ్డట్టు గుంట పడింది. ఆ గుంట పూడదే! మేమందరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

‘‘ఇది ఒళ్ళు కాదమ్మా, నీరు’’ అన్నాడాయన. ‘‘పిల్లకు ఇటుకలు అందలేదు. ఈ చెక్క పిండి గంజి రోజూ తాపాలి.’’

‘‘చెక్కనా? అది ఎద్దులకు పెడ్తారు గదప్పా!’’

‘‘మా వైపు నువ్వుల చెక్కను తెలగపిండి అంటారు. బాలింతలకు ప్రత్యేకంగా వండి పెడతారు.’’

‘‘అట్లనా. మరి మీ తట్టు ఎద్దులేం తింటాయి సామీ?’’

వసారా అంతా నవ్వింది. డాక్టరుగారు తప్ప. అంతవరకూ నేను కట్టిన గోడ కూలింది. ఎద్దుల తిండి మా పిల్లలకు పెట్టం అని ఒకరి తర్వాత ఒకరు లేచారు. అంతలో ముసలమ్మ నా దగ్గరకొచ్చి, ‘‘గంజి వద్దు గానీ, ప్రాణం ఉండాదంటివే, ఆ ఊదా మందు ఇయ్యి’’ అంటూ నా చేతిలో గొట్టం లాక్కుని పిల్ల మూతికి పెట్టింది.

కాస్టిక్ సోడా, మైలుతుత్తం. గొంతు దిగితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ సంఘటనను సభల్లో చెప్పేటప్పుడు, నేను పులిలా దూకి గొట్టాన్ని ఎగరగొట్టానంటాను. నేను రాయిలా నిలబడిపోయాను. ఎగరగొట్టింది వంటక్క. గొట్టం బండ మీద పగిలింది. పిల్లకు ఏమీ కాలేదు. నా ధోవతికి మాత్రం చిల్లులు పడ్డాయి.

తిరుగు దారిలో డాక్టరుగారు తన బొటనవేలునే చూసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత, ‘‘ఆ పిల్ల ఇలాగే ఉంటే వానల దాకా ఆగదయ్యా’’ అన్నాడు. ‘‘గంజి ఉంది. పిండి ఉంది. తాపించడానికే దారి లేదు.’’

సాయిబు అద్దంలో నా వైపు చూశాడు. ‘‘దారి ఉండె సాబ్. మన సీసాలాయన గొట్టం ఎత్తి దాన్ని మూసేసినాడు.’’

ఆ తర్వాతే నాకు మహత్తరమైన ఆలోచన వచ్చింది. జనానికి ఊదా కావాలి. పిల్లకు చెక్క పిండి కావాలి. రెండూ ఒకే చెంబులో ఎందుకు పోయకూడదు? బచ్చలి పండ్లు చిదిమితే మంచి ఊదా వస్తుంది, బడిపిల్లలు సిరా చేసుకుంటారు కూడా. తిన్నా ఏం కాదు. ఎంత కరువులోనైనా అంట్ల నీళ్ళు పారబోసే చోట ఒక బచ్చలి తీగ బతికే ఉంటుంది. గంజి చల్లారాక నాలుగు పండ్లు చిదిమితే సరి!

ఆలోచన వంటక్కది. నాది ‘‘సరే’’ అన్న మాట. అయినా ఆ మాటకూ ధైర్యం కావాలి. ఎందుకంటే డాక్టరుగారికి చెప్పకూడదని తీర్మానించుకున్నాం. చెబితే, అబద్ధంతో పెట్టే తిండి మనకొద్దంటాడు. ఆయన గంజి వేళ ఇళ్ళ వెంట తిరిగి రోగుల్ని చూసేవాడు. ఎప్పుడైనా చెంబులోకి తొంగిచూసినా రాగిపిండి రంగు అనుకున్నాడు.

పండ్లు యాడివక్కా అని అడిగితే వంటక్క, ‘‘ప్రభువు ఇచ్చినాడులే’’ అనేది. నేను ఇంకేం అడగలేదు.

మరుసటి వారం నుంచి ఊదా గంజికి జనం బారులు తీరారు. ‘‘సర్కారు మందు వచ్చిండాది’’ అని పక్క ఊరికి కూడా పాకింది. ముసలమ్మ మనవరాల్ని చంకనేసుకుని అందరికంటే ముందొచ్చేది. పిల్ల మొదట్లో నోట్లోంచి కార్చేసేది. వంటక్క వేలితో అద్దేది, పాట పాడేది, తిట్టేది, మళ్ళీ అద్దేది. ముసలమ్మ వేళ్ళ కొసలు ఎప్పుడూ ఊదాగా ఉండేవి. చూశారా, గంజి అంటే ఎంత గౌరవం, వేళ్ళతో గిన్నె ఊడ్చి పెడుతోంది అని నేను సాయిబుకు చూపించి గర్వపడ్డాను. వాడు బీడీ పారేసి, ‘‘హా, అవును’’ అన్నాడు. ఆ ‘అవును’ నాకు అప్పుడు అనుమానం కలిగించాల్సింది.

కొన్ని వారాలు గడిచాయి. అప్పుడు వచ్చిపడింది అసలు గండం. పిల్ల చిక్కిపోయింది! గుండ్రటి మొహం పోయి బుగ్గ ఎముకలు తేలాయి. కాళ్ళు పుల్లలయ్యాయి. ఒంట్లో నీరు దిగిపోతోందనీ, అది మంచి గుర్తనీ డాక్టరుగారు ఎగిరి గంతేసినంత పని చేశాడు. కానీ ఊరికి ఆ లెక్క ఎక్కడ తెలుస్తుంది? బలిసిన పిల్లను సర్కారోళ్ళు గంజి తాపి ఎండబెట్టినారన్నారు. బారు సగమైంది. మిగిలిన సగం కూడా ముసలమ్మ మొహం చూస్తోంది. ఆమె మానేస్తే అందరూ మానేస్తారు. ఆమె మాత్రం ఏమీ అనకుండా వచ్చి కూర్చునేది. గంజి గిన్నె ముందుకు తోసేది. వెళ్ళిపోయేది.

సరిగ్గా ఆ వారంలోనే రాజధాని నుంచి పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. చాలాచోట్ల గంజిలో చెక్క పిండికి బదులు ఉత్త పిండి కలుపుతున్నారని ఆయనకు ఫిర్యాదులు అందాయి. అటువంటి కేంద్రం కనబడితే అక్కడికక్కడే మూసేస్తున్నాడు. బడి వసారాలో కుర్చీ వేసుకుని, నా పెట్టె వైపు చూసి, ‘‘అండాలోంచి గంజి తియ్యి. నా ముందు పరీక్ష చెయ్యి’’ అన్నాడు.

పెట్టె తెరిచాను. గంజి అప్పటికే ఊదాగా ఉంది. అయితే ఊదా కావాలన్న పరీక్షకు ముందుగానే ఊదా ఉంటే నష్టమేముంది అని కూడా ఒక మూల ఆశ. గొట్టంలో పోశాను. సోడా చుక్కలు వేశాను.

ఊదా మాయమైంది. గంజి పచ్చగా, పసుపు నీళ్ళలా మారిపోయింది.

బచ్చలి రంగుకు సోడా పడదని అంతవరకూ నాకు తెలియదు. జీవరసాయన ప్రయోగశాలకు అధిపతిని నేను!

‘‘ఏమిటిది?’’ అన్నాడు ఆఫీసరు. ‘‘పరీక్ష చెయ్యకముందు ఊదా. చేస్తే పసుపు. ఇందులో ఏ రంగు కలిపారు? డాక్టర్, మీకు తెలిసే జరుగుతోందా?’’

డాక్టరుగారు గొట్టం దగ్గరికి వచ్చి వంగి చూశాడు. ‘‘నాకు తెలియదండి’’ అన్నాడు. నిజమే చెప్పాడు. నా వైపు తిరిగి, ‘‘ఏం కలిపారయ్యా?’’ అన్నాడు. ఆ చూపు నేను మరిచిపోలేదు.

నా నోట్లో ఒక అబద్ధం సిద్ధంగానే ఉంది. ‘‘సార్, ఈ ఊరి నీళ్ళ గుణం...’’ అని మొదలుపెట్టాను.

‘‘నీళ్ళ గుణమూ లేదు, నీ గుణమూ లేదు’’ అని వెనక నుంచి వినబడింది. ముసలమ్మ. పిల్లను చంకన వేసుకుని వసారా ఎక్కింది. ‘‘అది బచ్చలి పండు సామీ. మా ఇంటి ఎనక తీగది. ఆ యక్క అడిగితే నేనే కోసిస్తాండా.’’

నేను వంటక్కను చూశాను. వంటక్క సాయిబును చూసింది. సాయిబు ఆకాశాన్ని చూశాడు. ఆ క్షణంలో అర్థమైంది. ఊరికి అంతా తెలుసన్న సంగతి తెలియని వాళ్ళం ఇద్దరమే. అబద్ధం రాని డాక్టరుగారు, అన్నీ వచ్చిన నేను.

‘‘అయితే ఇది ఎద్దులకు పెట్టే చెక్క అని నీకు తెలుసా?’’ అన్నాడు ఆఫీసరు.

‘‘తెలీకేం? దాని వాసన ఎద్దులున్న ఇండ్లల్లో ఎవరికి తెలీదప్పా? నా కోడలికి తెలుసు, మా పక్కింటామెకు తెలుసు.’’

‘‘మరి ఈ రంగెందుకు?’’

ముసలమ్మ ఆయన్ని చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూసింది. ‘‘ఎద్దుల తిండి పెట్టి పిల్లను సాకినారని రేపు ఎవురన్నా అంటే మాకెంత నామర్దా? సర్కారోళ్ళు ఊదా మందు పోసినారంటే ఆ మాట రాదు. ఊరన్నాక మర్యాద ఉండల్ల గదా సామీ.’’

ఆఫీసరు పిల్లను చూశాడు. ‘‘ఇలా ఎండిపోయిందేం? మీ గంజి తాగేనా?’’

ఇక అయిపోయిందనుకున్నాను. కేంద్రానికి తాళం, పిల్లకు మళ్ళీ సంకటి నీళ్ళు.

‘‘నీళ్ళు పోయినాయి సామీ’’ అంది ముసలమ్మ. ‘‘చెరువు ఎండితేనే గదా లోపలి గుండ్లు కనబడేది? ఇంగ కండ రావల్ల. వస్తాది. ముందు ఈ పిల్ల గోడ తట్టు తిరిగి కూసుంటాండె. ఇప్పుడు చూడు.’’

చూడమని చెప్పాల్సిన పని లేకపోయింది. మా విచారణ తెమలక గంజి వేళ దాటిపోయింది. ఆ పిల్ల నాయనమ్మ చంకలోంచి జారి, ఖాళీ గిన్నె తీసుకుని బండకేసి ఠంగున కొట్టి ముందుకు తోసింది. కింది పెదవి ముందుకు పెట్టి, కనుబొమలు ముడిచి, నా వైపు, ఆఫీసరు వైపు ఉరిమి చూసింది. అచ్చం ముసలమ్మ. గిన్నె ముందుకు తోసే తీరు కూడా అదే.

‘‘సాబ్’’ అన్నాడు సాయిబు మెల్లగా, ‘‘ఆ నాలుగోది కనబడిండాది.’’

డాక్టరుగారికి నవ్వొచ్చింది. అప్పుడు నాకు గొట్టం గుర్తొచ్చింది. పరీక్ష సగంలోనే ఆగి ఉంది. ఆ పసుపు నీళ్ళలోకి మైలుతుత్తం చుక్కలు ఒక్కొక్కటే వదిలాను. అడుగు నుంచి ఊదా పైకి లేచింది. కొంచెం బురదగా, కానీ సందేహం లేకుండా ఊదా.

‘‘పోయిన ఊదా వేరు సార్’’ అన్నాను. ‘‘వచ్చిన ఊదా వేరు. ఇది చెక్క పిండిది.’’

నా ఉద్యోగ జీవితంలో కల్తీ లేకుండా చెప్పిన వాక్యాలు కొద్ది. వాటిలో ఇది ఒకటి.

ఆఫీసరు గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. పెద్దవాళ్ళు ఓడిపోయినప్పుడు ఒక ఆజ్ఞ ఇచ్చి లేస్తారు. ఆయనా అదే చేశాడు. ‘‘కేంద్రం నడపండి. గంజిలో మాత్రం సిబ్బంది ఏ రంగూ కలపకూడదు. కలిపితే ఉద్యోగాలు ఉండవు.’’

మర్నాడు మేం వెళ్ళేసరికి గంజి దాని సొంత రంగులో ఉంది. బూడిద కలిసిన తెలుపు. దాన్ని చూస్తే ఎవరికైనా ఎద్దే గుర్తొస్తుంది. ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని బారుగా కూర్చున్నారు. వంటక్క అందరి గిన్నెల్లో పోసింది. ఒక్కరూ ముట్టలేదు. డాక్టరుగారు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. గంజి మీద మీగడ కడుతోంది.

ముసలమ్మ నింపాదిగా కొంగు ముడి విప్పింది. రెండు బచ్చలి పండ్లు తీసి మనవరాలి గిన్నెలో చిదిమింది. వేలితో కలిపింది. కొంగు పక్కామె వైపు జరిపింది. ఆమె రెండు తీసుకుని పక్కకు జరిపింది. అలా పండ్లు బారు చివరిదాకా వెళ్ళాయి.

‘‘సర్కారోళ్ళు ఎయ్యగూడదన్నారు’’ అంది ముసలమ్మ డాక్టరుగారిని చూస్తూ. ‘‘మేం ఏసుకోగూడదనలేదు గదా?’’

ఆయన వెనక్కి తిరిగి, గోడకున్న అక్షరాల పటాన్ని అ నుంచి మొదలుపెట్టి శ్రద్ధగా చదవసాగాడు. గిన్నెలన్నీ ఖాళీ అయ్యేదాకా చదివాడు.

ఈ కథ సభల్లో చెప్పేటప్పుడు, ఆ పిల్ల పెరిగి నర్సయిందంటాను. అయిందో లేదో నాకు తెలియదు. వానలు పడ్డాక మా జీపును పామిడి వైపు పంపారు. కానీ ఆ ఊరికి చివరిసారి వెళ్ళిన రోజు నేను కళ్ళారా చూసింది ఒకటుంది, దానికి ఏమీ కలపను. డాక్టరుగారు వంగి పిల్ల పాదం మీద బొటనవేలు నొక్కి తీశాడు. గుంట పడలేదు. పిల్ల కాలు విదిలించుకుని, ఇంకా గంజి కావాలని రెండు చేతులతో ఆయన తెల్ల ప్యాంటు పట్టుకుని గుంజింది. మోకాలి మీద ఊదా వేళ్ళు పడ్డాయి.

ఆ ప్యాంటును ఆయన జ్ఞాపకంగా దాచుకున్నాడని రాయాలని ఉంది. చాకలికి వేశాడు. చాకలి సోడాలో ఉడకబెట్టాడు. ఊదా పోయి, పసుపు వేళ్ళు మిగిలాయి. ఆ ప్యాంటుతోనే ఆఫీసుకు వచ్చేవాడు. మరకేమిటని ఎవరైనా అడిగితే, ‘‘ఆకలేసిన పిల్ల పట్టుకుంది’’ అనేవాడు.

ఆయనకు అబద్ధం రాదని ముందే చెప్పాను.